బందరులో రాని వాసన

పక్క వాటా ఆమెకు కుడిచేతి ఉంగరపు వేలి గోరు తీసేశారు శ్రావణమాసంలో. ఆసుపత్రికి నేనే వెంట వెళ్లాను. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. గోరు తీసి కట్టు కట్టాక ఆ చేతిని వెలుతురులోకి తిప్పి, మిగతా వేళ్ల మీద పగుళ్లు కూడా చూసి, "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగింది.

"చేపలకి ఉప్పేస్తానండీ."

"ఇకనించి ఇంకెవరిచేతైనా వేయించు. ఈ పగుళ్లు మానకుండా మళ్లీ ఉప్పులో చేతులు పెడితే ఈసారి గోరుతో పోదు. వేలు తీయాల్సి వస్తుంది."

ఇద్దరం ఆటో ఎక్కాం. ఎక్కాక, "ఇంకెవరిచేతో వేయించాలంట పిన్నిగారూ. ఆవిడొచ్చి వేసిద్దా?" అంది.

బందరులో మేముండే ఇల్లు రెండు వాటాలు. ముందు వరండా ఒకటే, మధ్యలో గోడ. ఆమెది దివిసీమలో సముద్రం పక్క ఊరు. భర్త పడవ మీద వేటకు వెళ్తాడు. ఆమె హార్బరులో చేపలు వేలంపాటలో కొని, వెనక దొడ్లో ఉన్న నాలుగు సిమెంటు తొట్లలో ఉప్పు వేసి, ఎండబెట్టి, సంతలకు తీసుకెళ్లి అమ్ముతుంది. నేను గుడివాడలో ఒక రైసుమిల్లులో లెక్కలు రాసి, పదవీ విరమణ తరువాత ఇక్కడికి వచ్చాను. నాకంటే ముందు ఈ వాటాలో ఉన్నవాళ్లు ఎండు చేపల వాసన భరించలేక ఖాళీ చేశారని ఇంటాయన ముందే చెప్పాడు. అది నాకు ఇబ్బంది కాదన్నాను. కరోనా జ్వరంతో పోయిన వాసన నాకు పూర్తిగా తిరిగి రాలేదు. అన్నం అడుగంటితే తెలుస్తుంది, కిరసనాయిలు తెలుస్తుంది. అంతకంటే సన్నటివి తెలియవు.

మేము సబ్బు చేయడం ఈ గోరు కంటే ముందే మొదలైంది, మురుగుకాలవ వల్ల.

మా వీధి మొదట్లో మటన్ కొట్టు ఉంది. కొట్టు నడిపేది భర్త అయినా, కొట్టు వెనక ఇంట్లో ఉండే ఆవిడే సాయంత్రం కడుగుళ్లూ ఎత్తిపోతలూ చూసేది. అమ్ముడుపోని కొవ్వు కాలవలో పడేది. అది నీళ్లలో గడ్డకట్టి మా గుమ్మం ముందు మలుపు దగ్గర అడ్డుపడేది. వాన వస్తే కాలవ వరండాలోకి వచ్చేది. రెండుసార్లు చెప్పి చూశాను. మూడోసారి ఒక స్టీలు గిన్నె తీసుకెళ్లి, "ఆ కొవ్వు నాకు ఇవ్వు, కాలవకు ఇవ్వకు" అన్నాను.

ఆవిడ నా మొహం వంక చూసింది. "మీరు తినరుగా పెద్దమ్మా?"

"తినను. సబ్బు చేస్తాను."

మా అమ్మ చేసేది. మాదీ దివిసీమే. అక్కడి నూతినీళ్లలో ఉప్పు ఎక్కువ. కొట్టులో కొన్న సబ్బు ఎంత రుద్దినా నురగ రాక, తెల్లటి పిప్పిలాగా బట్టకు పట్టుకునేది. కొవ్వుతో ఇంట్లో చేసినది గట్టిగా ఉండి చాలా రోజులు వచ్చేది. నేను మాంసం మానేసి చాలా ఏళ్లయింది కాని, తినని వస్తువును తూచకూడదని ఎక్కడా లేదు. కాస్టిక్ సోడా తూచడానికి నా వంటింటి కాటా చాలదు. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పనివాళ్లు రంగు మందులు తూచుకునే చిన్న ఎలక్ట్రానిక్ కాటాలాంటిది ఒకటి కొన్నాను. కిలో కొవ్వుకు నూట ముప్పై గ్రాముల కాస్టిక్. అంతకంటే ఎక్కువైతే చెయ్యి మండుతుంది, బాగా తగ్గితే జిడ్డుగా మిగులుతుంది. సోడాను నీళ్లలో వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. అల్యూమినియం గిన్నె పనికిరాదు, సోడా దాన్ని తినేస్తుంది. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే సబ్బు వస్తుంది. వాసన పోవడం వేరే సంగతి.

మొదటిసారి కొవ్వును ఊరికే బాణలిలో కరిగించి, వడగట్టి చేశాను. మాంసం పీచులు అడుగున మాడాయి. నాకు ఏమీ తెలియలేదు. ఆరిన సబ్బు ఒకటి పక్క వాటా ఆమెకు ఇస్తే, వాసన చూసి చేయి చాపి దూరంగా పట్టుకుంది.

"మేక బతికే ఉందండీ ఇందులో."

ఆ మాట మటన్ కొట్టావిడకు తెలిసి, పెట్టెలోంచి అత్తరు సీసా పట్టుకుని వచ్చింది. రెండోసారి చేసినదాంట్లో అది కలిపాం. ఆరాక ముగ్గురం వరండాలో కూర్చుని చూశాం. అంటే వాళ్లిద్దరూ వాసన చూశారు, నేను వాళ్ల మొహాలు చూశాను.

"ఇప్పుడెట్లా ఉంది?" అన్నాను.

"అత్తరు రాసుకుని పెళ్లికి బయల్దేరిన మేక" అంది పక్క వాటా ఆమె.

కొట్టావిడ నవ్వి, "పెళ్లికే వెళ్లిద్ది వదినా, తిరిగి మాత్రం రాదు" అంది.

వాసన మీద వాసన పొయ్యడం వల్ల లాభం లేదని ఆ రోజు తేలింది. ఉన్నది బయటికి పోవాలి. అమ్మ పద్ధతి గుర్తు చేసుకున్నాను. కొవ్వును చిన్న ముక్కలు కోసి, సమానంగా నీళ్లు పోసి, ఉప్పు వేసి సన్నటి సెగ మీద ఉడకబెట్టాలి. బట్టలో వడగట్టి చల్లారనివ్వాలి. పొద్దుటికి కొవ్వు పైన పలకలాగా పేరుకుంటుంది. నీళ్లు, రక్తం, పీచు కిందికి దిగుతాయి. ఆ పలకను తిరగేసి, అడుగున గోధుమరంగులో ఉన్న బురదను చాకుతో గీకేయాలి. మళ్లీ కొత్త నీళ్లు, కొత్త ఉప్పు, మళ్లీ ఉడకబెట్టడం. కొవ్వు తెల్లబడేదాకా. మాంసం నీళ్లను ఉప్పు కిందికి లాగుతుందని అమ్మ చెప్పేది. కారణం అదో కాదో నాకు తెలియదు. పని మాత్రం చేస్తుంది.

గోరు తీసిన సంగతి ఈ దశలో జరిగింది. ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి, ఆమెకు వరసకు బావ అయ్యే మనిషి మా గుమ్మం ముందు బండి ఆపాడు. కృత్తివెన్ను చెరువుల నుంచి రొయ్యలను ఐసులో వేసుకుని తిరిగే బండి అతనిది. చేతులకు గ్రీజు ఉంటే వరండా కుళాయి దగ్గర నా సబ్బుతో కడుక్కున్నాడు. గ్రీజు మొత్తం పోయింది.

"ఇది నాకో రెండు ఇవ్వండి పిన్నిగారూ. గుడివాడలో నేను బండి సామాన్లు కొనే కొట్టుంది, వాళ్ల షెడ్డు కూడా పక్కనే. మెకానిక్కులు సబ్బుపొడీ ఇసకా కలిపి రుద్దుకుంటున్నారు పాపం."

వారం తరువాత ఆ కొట్టాయన కబురు పంపాడు. వాసన లేకుండా చేయగలిగితే నెలనెలా తీసుకుంటానని, తన దగ్గర షెడ్డుతో పాటు ఇంకో నాలుగు షెడ్లవాళ్లు కొంటారని. నాకు అది ఆసక్తి కలిగించే కబురు మాత్రమే. పక్క వాటా ఆమె మాత్రం కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని అంతా విన్నది. విని, "అయితే నేను చేస్తానండీ. ఇందులో చేతులు ఉప్పులో పెట్టక్కర్లేదు కదా. గరిటెతో తిప్పడమే కదా" అంది.

పని పంచుకున్నాం. కొవ్వు కోయడం, ఉడకబెట్టడం, గీకడం ఆమెవి. వాళ్ల దొడ్లో కట్టెల పొయ్యి ఉంది, స్థలం ఉంది. కోసేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకునేది. కాస్టిక్ ఆమె పగుళ్లకు తగలకూడదు కాబట్టి కలపడం, పోయడం, తూకం నావి. ఒక్కొక్క సబ్బుకూ కాగితం చుట్టి, మీద "మేక కొవ్వు సబ్బు" అని రాయాలని నేను పట్టుబట్టాను. కొందరికి పట్టింపు ఉంటుంది, తెలియకుండా వాళ్ల చేతికి ఇవ్వకూడదు. ఆమెకు అది నచ్చలేదు. "కనపడేట్టు రాస్తే ఎవరు కొంటారండీ?" అంది. రాశాను.

ఉప్పు నీళ్లలో ఉడికిన మొదటి కొవ్వు వెన్నలాగా ఉంది. మటన్ కొట్టావిడ వచ్చి పలకను ముక్కు దగ్గర పెట్టుకుని, "మా మేక వాసన ఎక్కడా లేదు పెద్దమ్మా, ఒట్టు" అంది. పక్క వాటా ఆమె కూడా ఏమీ లేదంది. సబ్బు చేసి, నీడన ఆరబెట్టి, భాద్రపదం వెళ్లాక గుడివాడ పంపాం.

కొట్టాయన ఫోను చేశాడు. "గ్రీజు పోతుందమ్మా, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ అన్నం టిఫిను విప్పేసరికి చేతులు వాసన. మావాళ్లు చెంచాలు కొనుక్కుంటున్నారు."

"ఏం వాసనండీ?" అన్నాను.

"మీరే రాశారుగా కాగితం మీద. మేక."

మరోసారి. ఈసారి రెండుసార్లు ఉడకబెట్టాం, ఉప్పు రెట్టింపు చేశాం. ఆ ఉప్పు కూడా నేనే తూచాను. ఆమె ఒక స్టీలు డబ్బాలో తెచ్చేది, కల్లుప్పు, పొడిగా తెల్లగా ఉండేది. కొవ్వు మరింత తెల్లగా వచ్చింది. మా ముగ్గురిలో ఎవరికీ ఏ వాసనా తెలియలేదు. గుడివాడలో మాత్రం పోయినసారి కంటే ఎక్కువగా ఉందన్నారు.

ఆ ఫోను వచ్చిన సాయంత్రం పక్క వాటా ఆమె వీధి మొదటిదాకా నడిచి వెళ్లి మటన్ కొట్టావిడతో తగువు పెట్టుకుంది. నేనూ వెనకాలే వెళ్లాను.

"నువ్వు నిన్నటిదీ మొన్నటిదీ కలిపి ఇస్తున్నావు వదినా. అందుకే కంపు."

"మొన్నటిదా? ఆ మేక పొద్దున నా కళ్ల ముందు నడుచుకుంటా వచ్చింది. నాకు సలాం కూడా పెట్టింది."

"మరి వాసనెక్కడిది? నా పొయ్యిలోంచి వచ్చిందా?"

"నీ పొయ్యి సంగతి నాకేం తెలుసు. నా కొవ్వుని మాత్రం అనబాక. పన్నెండేళ్లనించి ఈ వీధిలో ఒక్కళ్లు అన్లేదు ఆ మాట."

"వాళ్లు తింటారు. సబ్బు పూసుకోరు."

"అయితే రేపటినించి కాలవకే ఇస్తాలే" అని కొట్టావిడ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున కొవ్వు గిన్నె మా గుమ్మం ముందు ఉంది. మూత మీద ఒక నిమ్మకాయ పెట్టి ఉంది. వాసన పోవడానికి ఇచ్చిందో, ఎత్తిపొడవడానికి ఇచ్చిందో నేను అడగలేదు.

గుడివాడ కొట్టాయన చెడ్డమనిషి కాదు. ఇంకొక్కసారి చూస్తాను, ఈసారీ ఇంతే అయితే వద్దు, షెడ్డువాళ్లు నన్ను తిడుతున్నారు అన్నాడు. అప్పటికి దీపావళి దాటింది. వర్షాలు తగ్గి ఎండ గట్టిపడ్డాక ఇక్కడ ఉప్పు చేపల పని పెరుగుతుంది. ఆమె తొట్లు వేసవి చివరి నుంచి ఖాళీగానే ఉన్నాయి. ఆమె భర్త ఒకరోజు దొడ్లోకి వెళ్లి నాలుగు తొట్లూ కడిగి వచ్చాడు. కడిగిన శబ్దం గోడ ఇవతలికి వినిపించింది. ఆ మర్నాడు ఆమె నాతో చెప్పింది.

"కార్తీకం వెళ్లేలోగా ఈ సబ్బు తేలకపోతే తొట్లు నింపుతానండీ. ఎడంచేత్తో వేస్తాలే. వేలికి గుడ్డ చుట్టుకుంటా."

గుడ్డలోకి ఉప్పునీళ్లు దిగుతాయి. ఆమెకు తెలుసు.

ఆఖరిసారి కోసం కొవ్వు మామూలు కంటే ఎక్కువ తీసుకున్నాం, మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వే ఏరి. మూడుసార్లు ఉడకబెట్టాలని నిర్ణయించాం. ఆమె సగం కొవ్వు మూడుసార్లు ఉడికించి, గీకి, పలకలూ నా గిన్నే నాకు అప్పగించిన రోజున దివిసీమ నుంచి ఫోను వచ్చింది, తల్లి జారిపడిందని. మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది. నా ఫ్రిజ్‌లో దాచిన పచ్చి కొవ్వు ఇంకో సగం మిగిలింది. అది ఇక నిలవుండదు. ఆమె దొడ్డి గేటుకు తాళం. నేను ఆ సగాన్ని నా వంటింట్లో గ్యాసు పొయ్యి మీద అదే గిన్నెలో, అవే తూకాలతో, మూడుసార్లు ఉడికించాను. ఆ తరువాత రెండు సగాలనూ ఒకే రోజున విడివిడి అచ్చుల్లో సబ్బుగా పోశాను. నేను చేసినవాటి మీద చాకుతో ఒక గీత, ఆమె చేసినవాటి మీద రెండు గీతలు గీశాను. దీని వెనక ఏ ఉద్దేశమూ లేదు. రెండు డబ్బాల్లో వేరువేరు పప్పులుంటే చీటీ అంటించినట్టే.

తల్లికి తుంటి ఎముక విరగలేదు, వాచింది అంతే. ఆమె తిరిగి వచ్చింది. సబ్బులు ఆరేసరికి కార్తీకం చివరికి వచ్చాం. ఈసారి పంపడం కాదు, మనమే వెళ్దాం అన్నాను. ఫోనులో వాసన వినపడదు.

గుడివాడలో ఆ కొట్టు బస్టాండుకు నడిచే దూరంలో ఉంది. పక్కనే షెడ్డు. నలుగురు మెకానిక్కులు, వాళ్లలో పెద్దమేస్త్రి ఒకాయన, నాకంటే పదేళ్లు చిన్నవాడై ఉంటాడు. నేను వెళ్లేముందే సబ్బుల కాగితాలు విప్పేశాను. చేతులు కడిగించి, ఒక్కొక్కరినీ అడిగాను. ఒక గీత సబ్బుతో కడుక్కున్న ఇద్దరు బాగుందన్నారు. రెండు గీతల సబ్బుతో కడుక్కున్న ఇద్దరు మొహాలు చిట్లించారు.

"అదేనమ్మా, పాత వాసనే" అన్నాడు కొట్టాయన.

పక్క వాటా ఆమె బెంచీ మీద కూర్చుని ఉంది. రెండు గీతలు ఎవరివో ఆమెకు తెలుసు. 

నేను పెద్దమేస్త్రి దగ్గరికి వెళ్లి, "కాగితం మీద నేను మేక అని రాశాను కాబట్టి మీరందరూ మేక అంటున్నారు. ఆ కాగితం సంగతి మరిచిపోండి. కళ్లు మూసుకుని చూసి ఇది దేని వాసనో చెప్పండి" అని అడిగాను.

ఆయన రెండు గీతల సబ్బును ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. మిగిలిన ముగ్గురూ పానాలు పక్కన పెట్టి చూస్తున్నారు.

"ఎండు చేపలమ్మా. ఎండు సావిడాయిలు."

కొట్టాయన నవ్వేశాడు. "మీరు మేకని సముద్రంలో మేపారా ఏంటి?"

ఆమె బెంచీ మీంచి లేచింది. సబ్బు తీసుకుని తానూ వాసన చూసింది, నాలుగైదుసార్లు. "నాకేం రావట్లేదండీ" అంది, నాతో కాదు, అక్కడున్న అందరితో.

తిరుగు బస్సులో కిటికీ పక్కన ఆమె, ఇటు నేను. రెండు సబ్బులకూ తేడా ఎక్కడుందో ఒక్కొక్కటీ లెక్కేసి చూశాం. కొవ్వు ఒకటే. గిన్నె ఒకటే, నాదే. నీళ్లు రెండిళ్లకూ ఒకే కుళాయివి. కాస్టిక్ ఒకే డబ్బాలోది.

"పొయ్యి వేరండీ. మాది కట్టెలు."

"పొగ వాసన అయితే పొగ అనేవాడు ఆయన. చేప అన్నాడు."

"ఇంకేముందండీ మరి, ఉప్పు. ఉప్పు ఉప్పేగా."

"నాది కొట్టులో కొన్న పాకెట్టు. నీది ఎక్కడిది?"

"మా ఇంట్లోదేనండీ."

"ఇంట్లో ఎక్కడిది?"

ఆమె నాకేసి తిరిగింది. నేను ఎందుకు అడుగుతున్నానో అప్పటికి ఆమెకు తెలిసినట్టు లేదు. "తొట్లోదండీ. చేపలు తీసేశాక అడుగున ఉప్పు మిగిలిద్ది కదా, పైపైన తెల్లది ఏరి, కడిగి, నాలుగెండల్లో ఎండబెడతాం. తర్వాత చేపలకి మళ్లీ అదే వేస్తాం. అందరూ అంతే. సముద్రం పక్కనుండి ఉప్పు పారేసుకుంటామా ఎక్కడన్నా?"

అంతవరకు చెప్పి కిటికీ వైపు తిరిగింది. బస్సు పెడన దాటింది.

"అంటే ఉడకబెట్టే కొద్దీ నేనే చేపల్ని కలిపానన్నమాట" అంది.

"వాసన ఎక్కువైందని ఉప్పు రెట్టింపు చేద్దామన్నది నేను" అన్నాను.

"ఇద్దరం కలిసి ఉప్పు చేపలు చేశామండీ. మేకతో." అప్పుడు నవ్వింది. ముందు సీట్లో ఉన్నాయన తిరిగి చూసేంత గట్టిగా.

ఇంటికి వెళ్లగానే నమ్మకం కోసం ఒక పని చేశాం. ఆమె డబ్బాలోని ఉప్పు రెండు గుప్పెళ్లు వేడినీళ్లలో వేసి, నా ఉప్పు అంతే ఇంకో గిన్నెలో వేసి, రెంటినీ వరండాలో పెట్టాం. ఆమెకూ తేడా తెలియలేదు, నాకూ తెలియలేదు. మటన్ కొట్టావిడను పిలవాలి. తగువు తరువాత వాళ్లిద్దరికీ మాటలు లేవు. ఆమే వెళ్లి పిలుచుకొచ్చింది. ఏమని పిలిచిందో నాకు తెలియదు.

కొట్టావిడ నా ఉప్పు గిన్నె మీద ఆవిరి వాసన చూసి తల అడ్డంగా ఊపింది. ఆమె ఉప్పు గిన్నె మీదికి వంగి, వెంటనే ముసుగు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"యా అల్లా. ఇది వేశారా నా కొవ్వులో?"

"వేశాం వదినా."

"నన్నేమో పాత కొవ్వు అన్నావు."

"అన్నాను."

"మరి సబ్బు వాసన చూసినప్పుడు నువ్వెందుకు చెప్పలేదమ్మా?" అని నేను కొట్టావిడను అడిగాను.

ఆవిడ కాస్త ఇబ్బందిగా మా వరండాను చూసింది. "నేను మేక కోసమే వెతికాను పెద్దమ్మా. చేపంటారా, ఈ ఇంటి గుమ్మంలోకి వస్తే ఎప్పుడూ ఉండేదేగా. ఇంటిది అనుకున్నా. అది కూడా సబ్బుదని ఎట్లా తెలుసుద్ది?"

ఆ మాట సరైనదే. అప్పటిదాకా సబ్బు వాసన మేము చూసిందల్లా ఆ వరండాలోనే.

మరుసటి విడతకు ఉప్పు కొత్త పాకెట్టు. సబ్బు ఆరబెట్టడం కూడా దొడ్డివైపు మానేసి, వీధివైపు నా కిటికీ పక్కకు మార్చాం. మూడు ఉడుకులు చాలు. ఆఖరి ఉడుకులో ఉప్పు బదులు కొద్దిగా వంటసోడా వేస్తే కొవ్వు ఇంకా తేటగా వస్తుందని తరువాత తెలిసింది. నిమ్మకాయ వల్ల ప్రయోజనం కనపడలేదు. అత్తరు అవసరం లేదు. గుడివాడ కొట్టాయన ఆ విడత మొత్తం ఉంచుకుని, పుష్యంలో ఇంకోటి పంపమన్నాడు. పంపాం. ఇప్పటికీ పంపుతున్నాం.

ఆ ఏడాది ఆమె తొట్లు నింపలేదు. తోడికోడలు వచ్చి అందులో రెండు అద్దెకు తీసుకుంది, తనుండే ఇంటి పక్కనే ఉన్న దొడ్డి కదా అని. నేను ఆ తోడికోడలికి రబ్బరు తొడుగులు ఒక జత కొనిచ్చాను. తొడుగులతో చేప జారిపోతుందంటుంది. గోడకు మేకు కొట్టి తగిలించింది, అక్కడే ఉన్నాయి.

మాఘమాసంలో ఒక ఉదయం పక్క వాటా ఆమె కాఫీ గ్లాసుతో మా వైపు వచ్చి, గడప మీద నిలబడి, గోడ అవతలికి తల తిప్పి ముక్కు ఎగబీల్చింది.

"పిన్నిగారూ, మా తోడికోడలు నిన్న చేపలు తిరగేసినట్టుందండీ. ఎంత కంపు. మీరు ఇన్నాళ్లూ ఎట్లా ఉన్నారండీ ఇక్కడ?"

నాకేమీ రావడం లేదన్నాను. ఆమె గ్లాసును ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వేళ్ల మీద పగుళ్లు పూడుకున్నాయి. ఉంగరపు వేలికి కొత్త గోరు సగానికి వచ్చింది, కొంచెం వంకరగా.